పాత బిగ్ బుక్ చేతికొస్తే: ఏఏ చరిత్ర రచనలను గుర్తుపట్టడం, చదవడం, సరిచూడడం ఎలా?

పాత పుస్తకాల దుకాణంలో నీలం అట్టతో 'ఆల్కహాలిక్స్ అనానిమస్' దొరికింది, ఇది మొదటి కూర్పేనా? ఏఏ చరిత్ర తెలుసుకోవాలంటే దేనితో మొదలుపెట్టాలి? ఫలానా మాట నిజంగా ఏఏ స్థాపకుల్లో ఒకడైన బిల్ విల్సన్ అన్నదేనా? ఈ మూడు ప్రశ్నలూ మానకుండా వస్తూనే ఉంటాయి. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం; అదే పేరుతో అది తెచ్చిన, సభ్యుల కథలు కూడా ఉన్న పుస్తకాన్నే బిగ్ బుక్ అంటారు. అడిగేవారిలో సభ్యులు, వాళ్ల ఇంటివాళ్లు, సోషల్ వర్క్ చదివే పిల్లలు, అనువాదం తలపెట్టినవాళ్లు ఉంటారు. మూడింటికీ పనికొచ్చే పద్ధతి ఒక్కటే: ఆ వాక్యం ఏ సంవత్సరంలో, ఏ ప్రతిలో మొదట అచ్చయిందో, రాసింది ఎవరో కనుక్కోవడం. మిగతాదంతా దాని తరువాతే.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఇవి చరిత్ర పుస్తకాలు, వైద్య గ్రంథాలు కావు. 1935లో బిల్ విల్సన్ తన తోటి స్థాపకుడు, సర్జన్ అయిన డాక్టర్ బాబ్‌ను నిలబెట్టడానికి పులిసిన క్యాబేజీ, టమాటాలు, మొక్కజొన్న పాకం తినిపించాడని చదువుతారు. ఆపరేషన్ చేయబోయే రోజు ఉదయం చేతులు వణక్కుండా ఒక బీరు ఇచ్చాడనీ చదువుతారు. చదవడానికి బాగుంటుంది, ఇంట్లో ప్రయోగించకండి. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. మానడం వైద్యుడి పర్యవేక్షణలోనే మొదలుకావాలి.

కావలసినవి

- బిగ్ బుక్ ఒక ప్రతి, ఏ కూర్పైనా సరే. రెండు వేర్వేరు కూర్పులుంటే పని సగమైనట్టే.
- ఏఏ సంస్థ స్వయంగా ప్రచురించిన చరిత్ర పుస్తకం ఒకటి.
- సంస్థకు బయట ఉన్న చరిత్రకారుడు రాసినది ఒకటి.
- పాత సంవత్సరాల క్యాలెండర్ చూపించే వెబ్‌సైటు లేదా ఫోను. ఎందుకో కింద నాలుగో అంశంలో తెలుస్తుంది.
- నోటు పుస్తకం. ప్రతి పుటలో నాలుగు గళ్లు గీసుకోండి: వాక్యం, పుస్తకం–కూర్పు–పేజీ, అచ్చయిన ఏడు, సంఘటన జరిగిన ఏడు.

పుస్తకాలు కొనే స్తోమత లేకపోతే దిగులు వద్దు. బిగ్ బుక్ మొదటి, రెండో కూర్పులకు అమెరికాలో హక్కులను గడువులోగా పునరుద్ధరించలేదు కాబట్టి అవి అక్కడ అందరి సొత్తయ్యాయి, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మిగతా దేశాల్లోనూ అదే చట్టం నడుస్తుందనుకోవద్దు. చదువుకోవడం వేరు, అచ్చువేసి అమ్మడం వేరు.

1. ముందు మీ ప్రశ్న ఏ చరిత్రకు చెందుతుందో తేల్చుకోండి

తెలుగు పాఠకులు తరచు తడబడేది ఇక్కడే. మద్యం గురించి మనకు బాగా గుర్తున్నది 1992లో దూబగుంట నుంచి రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం, ఆ తరువాత 1995 నాటి మద్యనిషేధం. అది ప్రభుత్వాన్ని నిలదీసిన చరిత్ర. ఏఏది తాగుడు మానాలనుకున్న మనిషి పక్కన, మానిన మనిషి కూర్చున్న చరిత్ర. నిషేధం మంచిదా చెడ్డదా అనే దానిపై ఏఏ అభిప్రాయమే చెప్పదు. సంఘాన్ని నడపడానికి రాసుకున్న నియమాలను ఏఏ సంప్రదాయాలంటుంది; బయటి వివాదాల్లో తలదూర్చకూడదని వాటిలో పదోది కట్టడి చేసింది. అందువల్ల ఏఏ పుస్తకాల్లో నిషేధోద్యమం కోసం వెతికితే పెద్దగా ఏమీ దొరకదు.

ఆ కట్టడికి వెనుక ఒక పాత కథ ఉంది. 1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఆరుగురు తాగుబోతులు ఒక మద్యశాలలో కూర్చుని ఇక తాగమని ప్రతిజ్ఞ చేశారు. వాళ్లే వాషింగ్టోనియన్లు. 1842లో అబ్రహాం లింకన్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వాళ్ల సభలో ప్రసంగించాడు. కొద్ది ఏళ్లలో ఆ సంఘం రాజకీయాలు, నిషేధ వాదాల మధ్య చెదిరిపోయింది. ఏఏ పెద్దలు ఈ కథను హెచ్చరికగా చెప్పుకుంటారు.

2. చేతిలో ఉన్న ప్రతి ఏదో గుర్తుపట్టండి

అట్ట రంగు చూసి తేల్చేయడం అన్నిటికన్నా మామూలు పొరపాటు. టైటిల్ పేజీ వెనుక ఉండే కాపీరైట్ పేజీ తిప్పండి. లోపలి విషయాన్ని మార్చి వేస్తే కొత్త కూర్పు, ఉన్నదాన్నే మళ్లీ అచ్చువేస్తే కొత్త ముద్రణ. కూర్పులు నాలుగు: 1939, 1955, 1976, 2001. మొదటి కూర్పుకే 1954 లోపు 16 ముద్రణలున్నాయి. కాబట్టి 'మొదటి కూర్పు' అన్న మాట నిజమైనా అది 1939 నాటి ప్రతి కానక్కరలేదు.

1939 ఏప్రిల్ నాటి మొదటి ముద్రణ అయితే ఇవన్నీ కలిసిరావాలి:

- అట్ట ఎర్ర గుడ్డతో ఉంటుంది. 1941 నాటి రెండో ముద్రణ నుంచి ఎక్కువగా నీలం అట్టలే.
- ప్రచురణకర్త పేరు వర్క్స్ పబ్లిషింగ్ కంపెనీ.
- 'లోన్ ఎండెవర్' అనే కథ ఉంటుంది. రెండో ముద్రణలో దాన్ని తీసేశారు.
- తాగుడు మానడానికి ఏఏ సభ్యులు పాటించే పన్నెండు మెట్లలో చివరిదైన పన్నెండో మెట్టులో 'స్పిరిచువల్ ఎక్స్‌పీరియన్స్' అని ఉంటుంది. 1941లో దాన్ని 'స్పిరిచువల్ అవేకెనింగ్' అని మార్చారు.
- పుస్తకం దళసరిగా, బరువుగా ఉంటుంది. మూడున్నర డాలర్లు పెట్టి కొన్నవాడికి చేతినిండా పుస్తకం ఉండాలని కావాలనే మందపు కాగితం వాడారు. బిగ్ బుక్ అన్న పేరు అలా వచ్చిందే. తరువాతి ముద్రణలు సన్నబడుతూ వచ్చాయి.

నా సలహా అడిగితే, పైవాటిలో పన్నెండో మెట్టు మాటను ముందు చూడండి. అట్టను కొత్తగా కట్టించవచ్చు, లోపలి అచ్చును మార్చలేరు.

జాగ్రత్త: ఎరుపు, పసుపు, నలుపు రంగుల పై కాగితం ఉంటే చాలు అసలు ప్రతి అని అమ్మేవాళ్లున్నారు. ఆ కాగితానికి నకళ్లు విరివిగా దొరుకుతాయి. పైగా 2014లో, పుస్తకానికి 75 ఏళ్లు నిండిన సందర్భంగా, సంస్థే మొదటి ముద్రణకు అచ్చుగుద్దినట్టుండే ప్రతిని తెచ్చింది. ఎర్ర అట్ట, మందపు కాగితం, పాత మాటలు అన్నీ అందులోనూ ఉంటాయి. కాగితం తెల్లగా, అంచులు పదునుగా ఉంటే అనుమానించండి. డబ్బు చెల్లించేముందు ముందు పుటలూ వెనుక పుటలూ అన్నీ తిప్పి, ఇటీవలి సంవత్సరం ఎక్కడైనా అచ్చయిందేమో చూడండి.

మీ దగ్గరున్నది అనువాదమైతే, ఏ కూర్పు నుంచి చేశారో ముందు పేజీల్లో వెతకండి. అది రాయకపోతే కింది మూడో అంశం మీకు మరీ అవసరం.

3. పేజీ సంఖ్యను కూర్పుతో కలిపి రాసుకోండి

సభల్లో 'నాలుగు వందల నలభై తొమ్మిదో పేజీ' అని అలవాటుగా అంటుంటారు. అంగీకారం గురించిన ప్రసిద్ధమైన పేరా అది. మూడో కూర్పులో అది 449లోనే ఉంటుంది, కథ పేరు 'డాక్టర్, ఆల్కహాలిక్, అడిక్ట్'. నాలుగో కూర్పులో అదే కథ పేరు మారి 'యాక్సెప్టెన్స్ వాజ్ ది ఆన్సర్' అయింది, పేరా 417కు వెళ్లింది. కొత్తవాళ్లు 449 తెరిచి వేరే ఎవరి కథో చదివి తల గోక్కుంటారు.

మొదటి కూర్పుకూ రెండో కూర్పుకూ మధ్య తేడా ఇంకో రకం. 1939లో 'వైద్యుడి అభిప్రాయం' అనే అధ్యాయంతోనే ఒకటో పేజీ మొదలైంది, బిల్ కథ పదో పేజీలో వచ్చింది. 1955లో వైద్యుడి అభిప్రాయాన్ని ముందుమాటల వరుసలోకి జరిపి, బిల్ కథను ఒకటో పేజీగా చేశారు. దాంతో 'హౌ ఇట్ వర్క్స్' అధ్యాయం 70 నుంచి 58కి వచ్చింది. రెండో కూర్పు నుంచి మాత్రం మొదటి 164 పేజీల సంఖ్యలు కదల్లేదు. కాబట్టి 164 లోపు పేజీ అయితే రెండు, మూడు, నాలుగు కూర్పుల్లో ఏదైనా పరవాలేదు. 164 దాటితే కూర్పు రాయని పేజీ సంఖ్య పనికిరాదు.

4. రాసిన ఏడులోంచి జరిగిన ఏడును తీసివేయండి

నోటు పుస్తకంలో చివరి రెండు గళ్లు దీనికోసమే. 1957లో వచ్చిన 'ఆల్కహాలిక్స్ అనానిమస్ కమ్స్ ఆఫ్ ఏజ్'లో బిల్ విల్సన్ 1938 డిసెంబరులో పన్నెండు మెట్లు రాసిన రాత్రిని వర్ణిస్తాడు. మంచం మీద పడుకుని, దాదాపు అరగంటలో రాశానంటాడు. తీసివేస్తే 19 ఏళ్లు. అబద్ధమని కాదు, 19 ఏళ్లపాటు సభల్లో చెప్పి చెప్పి నునుపెక్కిన జ్ఞాపకమని అర్థం. తేడా ఐదేళ్లు దాటితే పక్కన చిన్న గుర్తు పెట్టుకుని, ఆ సంఘటన జరిగిన రోజుల్లోని కాగితం ఏదైనా ఉందేమో వెతకండి.

ఇప్పుడు క్యాలెండర్ తీయండి. ఈ అభ్యాసం స్వయంగా చేసి చూడండి, అరగంట పని.

ఏఏ పుట్టినరోజు 1935 జూన్ 10. డాక్టర్ బాబ్ చివరిసారి తాగిన రోజు అది. మొదటి కూర్పులో ఆయన రాసిన కథ తెరవండి. బీరు సీసా సంగతి, ఆ తేదీ, అదే చివరిదన్న మాట, రాస్తున్న నాటికి దాదాపు నాలుగేళ్లయిందన్న మాట అన్నీ ఒకేచోట ఉంటాయి. స్వయంగా ఆ మనిషే, నాలుగేళ్ల లోపే రాశాడు. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏముంటుంది అనిపిస్తుంది.

అదే కథలో కొన్ని వాక్యాలు వెనక్కి వెళ్లండి. ఒక జాతీయ సంఘం సమావేశాలకు అట్లాంటిక్ సిటీ వెళ్లానంటాడు. రైల్లో దొరికిన విస్కీ అంతా తాగాడు. హోటలుకు పోతూ ఇంకొన్ని సీసాలు కొన్నాడు. అది ఆదివారం. సోమవారం రాత్రి భోజనం దాకా నిగ్రహించుకున్నాడు. మంగళవారం పొద్దున్నే మొదలుపెట్టి, పరువు పోకూడదని హోటలు ఖాళీచేశాడు. తరువాత ఒళ్లు తెలియలేదు, తెలివి వచ్చేసరికి తన ఊరికి దగ్గర్లో ఒక స్నేహితుడి ఇంట్లో ఉన్నాడు.

ఆ జాతీయ సంఘం అమెరికన్ మెడికల్ అసోసియేషన్. ఆ ఏడు దాని వార్షిక సమావేశాలు అట్లాంటిక్ సిటీలో జూన్ 10 నుంచి 14 వరకు జరిగాయి. క్యాలెండర్ చూడండి: 1935 జూన్ 10 సోమవారం. అంటే ఆయన లెక్క ప్రకారమే, తాగుడు మానేశానన్న రోజున ఆయన ఇంకా అట్లాంటిక్ సిటీలో ఉన్నాడు! అందుకే పలువురు చరిత్రకారులు అసలు తేదీ జూన్ 17 కావచ్చంటారు. ఏఏ మాత్రం జూన్ 10నే జరుపుకుంటుంది, జరుపుకోవడంలో తప్పేమీ లేదు. మన పండుగలు మాత్రం రికార్డులు చూసి జరుపుకుంటున్నామా?

మీరు రాసేటప్పుడు రెండూ రాయండి: 'సంప్రదాయంగా జూన్ 10, సమావేశాల తేదీలను బట్టి దాదాపు వారం తరువాత'. ఒకటి రాసి రెండోది దాచడం, లేదా జూన్ 10 అన్నవాళ్లందరినీ అబద్ధాలకోరులని తిట్టడం, రెండూ నేను తరచు చూసే పొరపాట్లు.

5. గొంతు ఎవరిదో, కలం ఎవరిదో విడదీయండి

బిగ్ బుక్‌లో 'టు వైవ్స్' అనే అధ్యాయం ఉంది. తాగుబోతుల భార్యలు తోటి భార్యలతో మాట్లాడుతున్నట్టు సాగుతుంది. చదివినవాళ్లు దాన్ని బిల్ భార్య లోయిస్ విల్సన్ రాసిందనుకుంటారు. రాసింది బిల్. తాను రాస్తానని ఆమె అడిగినా ఇవ్వలేదు, ఆమె నొచ్చుకుంది కూడా. తన అనుభవానికి ఆమె తరువాత వేరే దారి వెతుక్కుంది, 1951లో ఇంటివాళ్ల కోసం అల్‌అనాన్ ఏర్పడింది. కాబట్టి '1939లో భార్యలు ఇలా అనుకునేవారు' అని ఆ అధ్యాయం ఆధారంగా రాయకండి. భర్తలు భార్యలు ఏమనుకోవాలని కోరుకున్నారో దానికైతే అది మంచి ఆధారమే.

6. చదివే వరుస

ఇది నా వరుస, మీకు నచ్చకపోతే మార్చుకోండి.

ముందుగా ఆ కాలపు రచనలు. బిగ్ బుక్ మొదటి 164 పేజీలు, డాక్టర్ బాబ్ కథ, 1941 మార్చి 1న 'సాటర్డే ఈవెనింగ్ పోస్ట్'లో జాక్ అలెగ్జాండర్ రాసిన వ్యాసం. ఏఏను దేశమంతటికీ పరిచయం చేసింది ఆ వ్యాసమే, రాసినవాడు సభ్యుడు కాదు. తరువాత 1944 జూన్‌లో మొదలైన 'గ్రేప్‌వైన్' పత్రిక పాత సంచికలు.

ఆపై సంస్థ చెప్పుకున్న కథ: 1957 నాటి 'కమ్స్ ఆఫ్ ఏజ్', 1980లో డాక్టర్ బాబ్ మీద వచ్చినది, 1984లో బిల్ మీద వచ్చిన 'పాస్ ఇట్ ఆన్'.

చివరగా బయటివాళ్లు: ఎర్నెస్ట్ కర్ట్జ్ 1979లో తెచ్చిన 'నాట్‌–గాడ్', అమెరికాలో వ్యసన చికిత్స చరిత్ర మొత్తం కావాలంటే విలియం వైట్ 1998 పుస్తకం, బిగ్ బుక్ ఎలా తయారైందో కాగితం కాగితంగా తేల్చిన విలియం షాబర్గ్ 2019 పుస్తకం. సమయం తక్కువుంటే కర్ట్జ్ ఒక్కటీ చదవండి. సంస్థ పుస్తకం ఒక్కటే చదివి ఆపేస్తే మాత్రం కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్టే.

7. సూక్తిని మూలం దాకా తరమండి

పరిశీలించకముందే తృణీకరించడం మనిషిని శాశ్వతంగా అజ్ఞానంలో ఉంచుతుందనే అర్థంలో ఒక వాక్యం బిగ్ బుక్‌లోని ఆధ్యాత్మిక అనుభవం అనుబంధం చివర ఉంది, కింద ఆంగ్ల తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ పేరు. కోట్ల ప్రతుల్లో అచ్చయింది. స్పెన్సర్ అనలేదు. దాని బీజం విలియం పేలీ 1794లో క్రైస్తవం మీద రాసిన పుస్తకంలో ఉంది. చేతులు మారేకొద్దీ మాటలు మారాయి, తరువాత పేరూ మారింది. క్రైస్తవ సాధువు అసిసీ ఫ్రాన్సిస్ మహనీయుడి ప్రార్థనగా, పన్నెండు మెట్లను వివరించే ఏఏ పుస్తకంలో పదకొండో మెట్టు దగ్గర వచ్చేదీ అంతే. ఆయన పదమూడో శతాబ్దం మనిషి, ఆ ప్రార్థన అచ్చులో మొదట కనబడింది 1912లో ఒక చిన్న ఫ్రెంచి పత్రికలో.

తరిమే పద్ధతి ఇది. వాక్యంలోని నాలుగైదు అరుదైన పదాలను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి పాత పుస్తకాల డిజిటల్ గ్రంథాలయాల్లో వెతకండి. ఫలితాలను తేదీల వరుసలో పేర్చండి. అన్నిటికన్నా పాతదాన్ని తెరిచి ముందువెనుక పేరాలు చదవండి. 'అన్నారని చెబుతారు' అని ఉంటే ఇంకా వెనక్కి పోవాలి. దొరకకపోతే 'బిగ్ బుక్ నాలుగో కూర్పులో స్పెన్సర్ పేరుతో ఉన్న వాక్యం' అని రాయండి. అది ఎప్పటికీ నిజమే.

బొమ్మల మీద అచ్చేసి ఫోన్లలో తిరిగే 'బిల్ విల్సన్ సూక్తుల'కు కూడా ఇదే మందు. పేజీ సంఖ్య లేని సూక్తి మీ రాతలోకి రాకూడదు.

8. అంకెలకు ముందున్న షరతును వదలకండి

1955 ముందుమాటలో సగం మంది వెంటనే మానారని, ఇంకో పాతిక శాతం కొన్నిసార్లు జారాక మానారని ఉంది. దాన్ని 'ఏఏలో 75 శాతం విజయం' అని రాసేస్తారు. అసలు వాక్యంలో 'నిజంగా ప్రయత్నించినవారిలో' అన్న షరతు ఉంది. ఎవరు నిజంగా ప్రయత్నించారో ఎవరు లెక్కపెట్టారు? అది సంస్థ తన గురించి తాను చెప్పుకున్న మాట, అధ్యయనం కాదు. ఏఏ పనిచేస్తుందా అన్నది నేటి ప్రశ్నయితే, వైద్య అధ్యయనాలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్ష చూడండి. ఏఏకు దారిచూపే పద్ధతి ప్రకారం నడిచే చికిత్సలు పూర్తిగా మద్యం మానడంలో ఇతర చికిత్సలతో సమానంగానో మెరుగ్గానో ఉన్నాయని అది తేల్చింది. దాన్ని తెచ్చి 1939 కథలకు అంటించడం మాత్రం వద్దు.

9. పేర్ల విషయంలో చేయి అదుపులో పెట్టుకోండి

బిల్, బాబ్‌ల పూర్తి పేర్లు ఎప్పుడో లోకానికి తెలిశాయి, రాయవచ్చు. మిగతా సభ్యుల సంగతి వేరు. పత్రికలు, రేడియో, సినిమాల స్థాయిలో సభ్యుల పేర్లు బయటపెట్టకూడదన్నది పదకొండో సంప్రదాయం. మీ ఊరి సభ్యుల పాత ఉత్తరాలు, ఫొటోలు, కరపత్రాలు దొరికితే, మనిషి చనిపోయినా సరే ఇంటివాళ్లను అడగకుండా పేరు వేయకండి. పేరులో మొదటి భాగం, ఇంటిపేరుకు ఒక అక్షరం చాలు. మన దగ్గర ఇంటిపేరు, ఊరు, ఉద్యోగం మూడూ కలిపితే పేరు చెప్పకపోయినా మనిషి దొరికిపోతాడు, కాబట్టి మూడింటినీ ఒకచోట పెట్టకండి.

సరిగా వచ్చిందో లేదో చూసుకోవడం

మీరు రాసినదాంట్లో ఏవైనా ఐదు తేదీలు ఎంచుకుని, ఒక్కొక్కటి ఎక్కడి నుంచి వచ్చిందో నోటు పుస్తకంలో వేలుపెట్టి చూపించగలరేమో చూడండి. 'అందరికీ తెలిసిందే' అన్న గడి ఉండకూడదు.

సంస్థ పుస్తకం, బయటి పుస్తకం ఒకే విషయంలో విభేదించిన చోటు ఒక్కటైనా మీకు దొరికిందా? ఒక్కటీ దొరకలేదంటే రెండో పుస్తకం సరిగా చదవలేదన్నమాట.

చివరి పరీక్ష ఇంకొకరితో. మీ నోటు పుస్తకంలోంచి ఒక పేజీ చించి, మీ దగ్గర లేని కూర్పు ఉన్న స్నేహితుడికి ఇవ్వండి. మీరు ఉదహరించిన పేరాను తన పుస్తకంలో వెతకమనండి. పది నిమిషాల్లో దొరకకపోతే మీ గుర్తుల్లో ఏదో లోపించింది. సాధారణంగా అది కథ పేరో, కూర్పు సంఖ్యో అయి ఉంటుంది.